మోర్చాకు పోయినోళ్లు

జ్ఞాపకాలు రాసుకునేంత వయసు నాకింకా రాలేదు. తలలో నాలుగు తెల్లవెంట్రుకలు ఉన్నమాట నిజమే గానీ అవి బొంబాయి నీళ్లవల్ల వచ్చాయని అమ్మ అంటుంది, నేను నమ్ముతాను. అయినా మొన్న దాదర్‌లో ఒక హాల్లో కూర్చున్నప్పుడు అత్త చెయ్యి వచ్చి నా చేతిమీద పడింది. చల్లగా ఉంది. స్టేజీ మీద ఒకాయన మరాఠీలో, గొంతు వణికించుకుంటూ, "మనం మరచిపోయిన వీరులు" అంటున్నాడు. మరచిపోవాలంటే ముందు ఎవరైనా గుర్తుపెట్టుకుని ఉండాలి కదా అని లేచి అడగాలనిపించింది. అడగలేదు. వెనక వరసలో అప్పటికే సమోసాల వాసన వస్తోంది, సభ మూడ్ పాడుచేయడం ఎందుకని.

పెద్ద యుద్ధంలో బర్మా వైపు అడవుల్లో రోడ్లు వేసిన పల్టన్లకు ఇన్నేళ్ల తర్వాత సన్మానం అది. పాలమూరు నుంచి, ఆ చుట్టుపక్కల నుంచి మట్టిపని చేసే కులాలవాళ్లను తీసుకుపోయారు. సిపాయి బట్టలు ఇచ్చారు, తుపాకీ కంటే ముందు గడ్డపార ఇచ్చారు. యుద్ధం అయిపోయాక తుపాకీ పట్టినవాళ్లు ఫౌజీలయ్యారు, గడ్డపార పట్టినవాళ్లు మళ్లీ కూలీలయ్యారు. పైనుంచి పడే బాంబులు మాత్రం ఈ తేడా చూడలేదట. ఈ మాట నాది కాదు, తాతది. నాకు ఇంత మంచి మాటలు రావు.

తాత అంటే అత్తవాళ్ల నాన్న. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. కామాటిపురలో మా చాల్, అంటే ఒంటిగది ఇళ్ల మేడ, వాళ్ల చాల్ ఒకటే. గ్యాలరీ ఒకటే, నల్లా ఒకటే, పొద్దున డబ్బా పట్టుకుని నిలబడే వరస ఒకటే. అంతకంటే దగ్గరి చుట్టరికం మా గల్లీలో ఉండేది కాదు.

ఆ హాల్లో నాకు ఒక్కసారిగా ఒక వేసవి గుర్తొచ్చింది. బడి మూసేశారు. గ్యాలరీ కమ్మీల మీద ఎండబెట్టిన బొంబిల్ చేపల వాసన, కిరసనాయిలు స్టవ్వుల వాసన, పై అంతస్తులో ఎవరో పచ్చి మామిడికాయ తరుగుతున్న వాసన, ఈ మూడూ కలిసి మా జెండాలా ఎగిరేవి. పిల్లలమంతా ఒకే ఆట ఆడేవాళ్లం. దాని పేరు మోర్చా.

ఆటకు హీరో తాత. తాత ఎడమకాలు కొంచెం ఈడ్చేవాడు. మిల్లుల పెద్ద సమ్మె నడిచిన రోజుల్లో, నేనింకా పుట్టకముందు, నల్లా దగ్గర ఎవరో "కాలికేమైంది?" అని అడిగారట. తాత నిజాయితీగా, "మోర్చాల తగిలింది" అన్నాడట. తాత ఫౌజులో నేర్చుకున్న హిందీలో మోర్చా అంటే యుద్ధంలో ముందు వరస, గుంత తవ్వుకుని దాక్కునే చోటు. మా గల్లీలో మోర్చా అంటే ఎర్రజెండాలు, నినాదాలు, తిరిగొచ్చేటప్పుడు వడా పావ్. అంతే, ఆ పూటకు తాత సమ్మె వీరుడైపోయాడు. యూనియన్ లీడర్ భావూ స్వయంగా వచ్చి కాళ్లకు మొక్కి పోయాడట. ఆ తర్వాత ప్రతి ఏడూ గల్లీ చివర సభ పెట్టి, తాతకు ఒక శాలువా, ఒక బంతిపూల దండ. తాత జీవితంలో మిల్లు గేటు లోపలికి ఒక్కసారి కూడా పోలేదు. ఆయన మేస్త్రీ పని చేసేవాడు. ఈ చిన్న వివరం అడగడానికి ఎవరికీ తీరలేదు.

"తాతా, మోర్చాల నువ్వు ఏం నినాదం ఇచ్చినవ్?" అని అడిగేదాన్ని.

"నినాదమా? నోరు మూసుకొని పండుకునేటిది బిడ్డా. గుక్క తిప్పుకోవద్దు. చప్పుడైతే పైనుంచి ఏస్తరు."

"నోరు మూసుకుంటే మోర్చా ఎట్లయితది?"

తాత నా మొహంలోకి చూసి, ఇంకేదో చెప్పబోయి, "పోయి ఆడుకో" అనేవాడు. మేం పళ్లేలు వాయించుకుంటూ, తాత చేతికర్ర ఎత్తుకుపోయి దానికి అమ్మ ఎర్రరంగు జాకెట్ కట్టి, గ్యాలరీ అంతా ఊరేగేవాళ్లం. జాకెట్ కోసం ఒకటి, కర్ర కోసం ఒకటి, రెండు దెబ్బలు పడేవి. మోర్చా అన్నాక లాఠీఛార్జి ఉంటుంది.

కింది అంతస్తులో అవ్వ ఉండేది. ఒక్కతే ఉండేది. గుండ్రంగా, పావలా బిళ్లంత బొట్టు, రెండు చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. ఆమె చేసే సర్వపిండి వాసన వస్తే మా మోర్చా దానంతటదే కిందికి దిగేది. గిన్నె అడుగున మాడిన వైపు నాకే పెట్టేది, "ఇది ఎక్కువ మాట్లాడుతది, దీని నోటికి పని ఉండాలె" అని.

అవ్వది, తాతది పాలమూరు దగ్గర ఒకే ఊరు. అవ్వ మొగుడూ తాతా కలిసి పల్టన్లోకి పోయారు. అవ్వ మొగుడు కాస్త చదువుకున్నవాడు కావడంతో నాయక్ అయ్యాడు. నాయక్ అంటే పల్టన్లో చిన్న హోదా, పదిమంది మీద ఒక గొంతు. ఒకరోజు గుట్ట కింద రోడ్డు తవ్వుతుంటే బాంబులు పడ్డాయి, గుట్ట జారింది, నాయక్ మట్టికింద పోయాడు. తాత నలిగిన కాలితో బయటపడ్డాడు. ఊళ్లో మాత్రం వేరే కథ నడిచింది. నాయక్ ఫౌజు నుంచి పారిపోయాడని, బొంబాయిలో కామాటిపుర అనే చోట ఒక ఆడదాన్ని పెట్టుకున్నాడని. మా పేటకు ఆ చెడ్డపేరు అప్పటికే ఉంది. ఏ ఊళ్లో ఏ మొగుడు కనబడకపోయినా మా గల్లీలే గుర్తొచ్చేవి జనానికి. అవ్వ ఆ మాట విని, మొగుణ్ని జుట్టు పట్టుకుని తీసుకుపోదామని రైలెక్కి వచ్చింది. తాత కాలు మానాక ఊరికి పోయి, ఆమె అక్కడ లేదని తెలుసుకుని, ఆమెకు ఆ కబురు చెప్పడానికి బొంబాయి వచ్చాడు. ఒక్క కబురు చెప్పడానికి వచ్చిన మనిషి ఇక్కడే పని వెతుక్కున్నాడు, పెళ్లి చేసుకున్నాడు, అత్తను కన్నాడు, భార్యను పోగొట్టుకున్నాడు, ముసలాడయ్యాడు. కబురు మాత్రం చేరలేదు. టెలిగ్రాం ఇంతకంటే తొందరగా పోతుంది.

చేరకపోవడానికి కారణం అవ్వ. ఆ వేసవిలో కూడా వాళ్లిద్దరి మధ్య ఇదే వాదన వినబడేది, అవ్వ గడప మీద, సర్వపిండి తింటూ.

"వదినా, నా కండ్లతోటి చూసిన. మట్టి మీద పడ్డది."

"పీనుగును చూసినవా మరిదీ?"

"తవ్వినం. దొరకలే."

"దొరకలేదంటే పోయినట్టా, ఎల్లిపోయినట్టా?"

"మోర్చాల పోయిండు వదినా. మోర్చాల!"

అవ్వ గాజులు వెనక్కి తోసుకుని నవ్వేది. "మోర్చాకు పోయినోళ్లు పొద్దుగూకితే ఇంటికొస్తరు. మా గల్లోళ్లు అందరూ వచ్చిండ్రు. ఈన ఎక్కడనో కూసున్నడు. తిను, సల్లారుతది."

తాతకు ఒకటే కోరిక ఉండేది, అది గల్లీ అందరికీ తెలుసు గానీ ఎవరికీ అర్థం కాలేదు. ఫౌజువాళ్లు వచ్చి, "వీళ్లిద్దరూ మా సిపాయిలు" అని ఒక్కమాట అనాలి. తనకోసం కాదు. ఆ మాట పడితే నాయక్ పారిపోలేదని తేలుతుంది. పారిపోయినవాడి పెళ్లాం అనే పేరు అవ్వకు పోతుంది. ఒకప్పుడు తాత స్వయంగా ఒక ఫౌజు ఆఫీసుకు పోయాడట. అక్కడి గుమస్తా ఆయన అరచేతులు చూసి, "మీది కూలోళ్ల లెక్క బాబా, ఫౌజీల లెక్క వేరే" అన్నాడట. అప్పటినుంచి తాత పంతం పట్టాడు, వాళ్లే నా దగ్గరికి రావాలె అని. పంతాలు పట్టడంలో మా పాలమూరువాళ్లను మించినవాళ్లు లేరు. నెరవేర్చుకోవడంలోనే కొంచెం వెనకబడి ఉన్నాం.

వాళ్లు వచ్చారు. నిజంగానే వచ్చారు. ఒక మధ్యాహ్నం, నల్లాకు నీళ్లు వదిలే వేళ, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన, మీసాలాయన, మా చాల్ ముందు నిలబడి చెమట తుడుచుకున్నాడు. తాత ఆ పూటే గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గరికి గడ్డం గీయించుకోవడానికి పోయాడు. గడ్డం రోజూ పెరుగుతుంది, రేపు పోవచ్చు. కానీ ఆ రోజే పోయాడు.

"ఇక్కడ పాత ఫౌజీ ఎవరైనా ఉంటారా?" అని హిందీలో అడిగాడాయన. "తెలుగాయన. లడాయిలో మోర్చా మీద ఉన్నాడు. కాలికి దెబ్బ తగిలింది."

నల్లా దగ్గర ఆడవాళ్లకు ఉత్సాహం వచ్చింది. "మోర్చానా? కాలా? ఆఁ, ఉన్నడు సాబ్! మా మోర్చా తాత! మిల్లు మోర్చాల తగిలింది."

"మిల్లు కాదమ్మా, లడాయి."

"మిల్లు లడాయే సాబ్! ఏండ్లకేండ్లు నడిచింది. మా ఇంటాయన కూడ పోయిండు. ఆయనకు గిట్ల ఏమన్న ఇస్తరా?"

ఆయన తల అడ్డంగా ఊపి, వరసలో అందరికంటే పెద్దదాని వైపు తిరిగాడు. అవ్వ వైపు. "అమ్మా, మీరు పాతవాళ్లు. మీకేమైనా తెలుసా? ఇక్కడ ఫౌజీ ఉండేవాడా?"

అవ్వ ఇత్తడి బిందె నల్లా కింద పెట్టింది. నీళ్లు సగం నిండనిచ్చింది. తర్వాత నిదానంగా అంది, "ఫౌజీలు ఈ గల్లీల ఎందుకుంటరు బేటా? ఫౌజీలు వచ్చేది పక్క గల్లీకి."

ఆడవాళ్లు పడి పడి నవ్వారు. పక్క గల్లీలో దీపాలు ఎందుకు వెలుగుతాయో తెలియని నేనూ నవ్వాను, అందరూ నవ్వితే నవ్వాలి కాబట్టి. మీసాలాయన మొహం ఎర్రబడింది. నీళ్లు ఇస్తామన్నా తాగకుండా వెళ్లిపోయాడు. పేరు చెప్పలేదు, ఆఫీసు ఏదో చెప్పలేదు.

తాత నున్నటి గడ్డంతో వచ్చాడు. మేం పిల్లలం ఎదురుపోయి, మీసాల మనిషి వచ్చాడని, ఫౌజీని అడిగాడని, అందరూ నవ్వారని, ఒకరి మాట మీద ఒకరం చెప్పేశాం. తాత అక్కడికక్కడే వెనక్కి తిరిగి స్టేషన్ వైపు నడిచాడు. కాలు ఈడుస్తూ అంత వేగంగా ఎవరైనా పోగలరని నాకు అంతకుముందు తెలియదు. చాలాసేపటికి తిరిగొచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. సరాసరి అవ్వ గడప దగ్గరికి పోయాడు.

"వదినా, నువ్వు నల్లా కాడ ఉంటివంట."

"ఉంటి."

"మల్ల చెప్పలేవా?"

"బియ్యం ఏరుతున్న మరిదీ. జర పక్కకు జరుగు, ఎలుతురు ఆపుతున్నవ్."

తాత పక్కకు జరిగాడు. అంతకుమించి గొడవేమీ జరగలేదు. మేం గ్యాలరీలో మంచి చోట్లు పట్టుకుని వేచి ఉన్నాం, పెద్ద పోట్లాట అవుతుందని. నిరాశపడ్డాం.

ఆ సాయంత్రం అమ్మ స్టవ్వుకు పంపు కొడుతూ నాన్నతో అంది, "తాతకు మెడల్ గావాలె. అవ్వకు మొగుడు గావాలె. ఇద్దరు అడుగుతున్నది ఒక్క మనిషినే. ఎవలికిస్తవ్?" నాన్నకు రొట్టె కావాలి.

కొన్నాళ్లకు యూనియన్ సభ వచ్చింది. ఈసారి దండ వేయించుకునే ముందు తాను మాట్లాడతానని తాత లీడర్ భావూకు చెప్పాడు. గల్లీ మొత్తం వినేలా ఒక్కసారి చెప్పేస్తే, మళ్లీ ఏ మీసాలాయన వచ్చినా ఎవరో ఒకరు సరిగ్గా చెప్తారని ఆయన ఆశ. సభలో అవ్వ కూడా ఉంది, ఆడవాళ్ల వైపు, గోడకు ఆనుకుని. తాత మైకును గడ్డపారలా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నేను మోర్చాల ఉంటిని," అన్నాడు. చప్పట్లు.

"మీరనుకునే మోర్చా కాదు." ఇంకా చప్పట్లు. వినయం అనుకున్నారు.

"మా కంపెనీ మొత్తం గుట్ట కింద ఉండె."

"ఏ కంపెనీ తాతా? స్పిన్నింగుదా, వీవింగుదా?" ముందు వరసలో ఒక పాత మిల్లు కార్మికుడు.

"పల్టన్ కంపెనీరా! పైనుంచి బాంబులేసిండ్రు!"

"పోలీసోళ్లా?"

"జపానోళ్లు!"

"జపానోళ్లు మిల్లు కొన్నరా? మాకు చెప్పనే లేదు గదా!"

జనం నవ్వారు. తాత మెడ నరాలు లేచాయి. "మా నాయక్ నా కండ్ల ముందట మట్టిల పోయిండు! పారిపోలే! చచ్చిపోయిండు మా నాయక్!"

లీడర్ భావూకు తెలుగులో పట్టుమని పది మాటలు వచ్చు. వాటిలో ఒకటి నాయకుడు. ఆయన గబుక్కున లేచి, దండతో సహా ముందుకొచ్చి, "అరే బాబా, నేను బతికే ఉన్న!" అన్నాడు. ఆ నవ్వులకు పావురాలు లేచిపోయాయి. తాత మెడలో దండ పడింది. మైకు ఎవరో తీసుకున్నారు. ఈ కథ ఎక్కడ చెప్పినా జనం ఇక్కడ నవ్వుతారు. నేనూ ఇక్కడిదాకానే చెప్పి ఆపేస్తుంటాను.

తర్వాత బజ్జీలు పంచారు. నేను రెండోసారి తీసుకోవడానికి స్టేజీ వెనక్కి పోతే, తాత దండతోనే ఒక చెక్కపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. అవ్వ ఎదురుగా నిలబడి ఉంది.

"వదినా, నేను అబద్ధం చెప్తున్ననా?"

"నువ్వు అబద్ధమాడుతవని నేనెన్నడన్న అన్ననా మరిదీ?"

"మల్ల?"

"నువ్వు చెప్పేది నిజమే. అది నాకు ఎప్పటినుంచో ఎర్కనే." అవ్వ తన గాజుల వైపు చూసుకుంది. "నాకొద్దు. ఎల్లిపోయినోడు ఎన్నటికన్న రావచ్చు. నువ్వు చెప్పినోడు రాడు. ఈ బొట్టు పెట్టుకొనే ఇన్నేండ్లు నల్లా కాడ నిలవడ్డ. ఇగ తీపియ్యకు."

తాత మెడలోంచి దండ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆడు మంచోడు వదినా," అన్నాడు.

"తెలుసు. ఇంటికి పా. నీ గడ్డం మల్ల పెరిగింది."

ఆ తర్వాత తాత ఎవరితోనూ యుద్ధం మాట ఎత్తలేదు. మేం "తాతా, మోర్చాల ఏమైంది?" అంటే, "పోలీసోళ్లు కొట్టిండ్రు బిడ్డా" అనేవాడు. ప్రతి ఏడూ బుద్ధిగా వంగి దండ వేయించుకునేవాడు. గల్లీ సంతోషించింది. పిల్లలకు ఇప్పుడు కథ అర్థమైంది కదా.

తాత ముందు పోయాడు. ఎర్రజెండా కప్పారు. కొన్నేళ్లకు అవ్వ పోయింది. మా అమ్మ, అత్త, ఇంకో ఇద్దరు కలిసి ఆమెకు పసుపు రాసి, అంత పెద్ద బొట్టు పెట్టి, కొత్త ఆకుపచ్చ గాజులు తొడిగి ముత్తైదువగా పంపారు. కాదనడానికి ఎవరి దగ్గరా ఏ రుజువూ లేదు.

ఇన్నాళ్లకు, చచ్చిన పల్టన్ల పేర్లు వెతికే వాళ్లెవరో అత్తకు ఫోన్ చేశారు. దాదర్ హాల్లో తాత పేరు పిలిచారు, సిపాయి అన్నారు. అత్త పోయి శాలువా, మెడల్ ఉన్న డబ్బా తెచ్చుకుంది. అన్ని శాలువాలూ ఎర్రజెండావాళ్లు కప్పినవాటిలాగే ఉన్నాయి, బహుశా ఒకే దుకాణం. తర్వాత నాయక్ పేరు పిలిచారు. "విధి నిర్వహణలో అమరుడు" అన్నారు. ఆ మాట కోసమే తాత బొంబాయి వచ్చాడు. "వీరపత్ని ఉన్నారా? కుటుంబం నుంచి ఎవరైనా?" అని మైకులో అడిగారు. అత్త లేవబోయింది. సగం లేచింది. కుర్చీ చేతులు పట్టుకుని, మళ్లీ కూర్చుంది. స్టేజీ మీదాయన రెండోసారి పిలిచి, ఆ డబ్బా బల్ల మీదే ఒక పక్కకు పెట్టి, తర్వాతి పేరు అందుకున్నాడు.

దాదర్‌లో లోకల్ రైలెక్కాం. ఆడవాళ్ల డబ్బాలో మా ఎదురుగా ఒక మరాఠీ ఆమె ఒళ్లో బఠానీలు ఒలుస్తోంది. అత్త చేతిలో మెడల్ చూసి, "ఎందులో వచ్చింది? పరుగు పందెమా?" అని అడిగింది.

అత్త చెప్పింది. మహాలక్ష్మి స్టేషన్ దాటేదాకా చెప్పింది. నాన్న అని, యుద్ధమని, గుట్టని, పక్కనే పోయిన స్నేహితుడని. మరాఠీలో, మోర్చా అనకుండా లఢాయీ అనే మాట వాడి, ఎక్కడా తడబడకుండా. ఆమె బఠానీలు ఒలవడం ఆపి వింది. మా గల్లీలో ఎవరూ అలా వినలేదు.

"మరి ఆ స్నేహితుడి భార్య?" అని అడిగింది.

"పోయింది. బొట్టుతోనే పోయింది. చేతుల నిండా గాజులతోటి."

"సౌభాగ్యవతిగా పోయిందా?" ఆమె రెండు చేతులూ ఎత్తి నుదుటికి ఆనించుకుంది. "ఎంత పుణ్యం చేసుకుందో!"

అత్త ఆమె ఇచ్చిన గుప్పెడు బఠానీలు తీసుకుని సగం నా చేతిలో పోసింది. గ్రాంట్ రోడ్ వచ్చేదాకా ఇద్దరం వాటిని తింటూ కూర్చున్నాం.